కొండవాగు నీళ్ళు, తూము దగ్గర సున్నం

కూర్చో అమ్మలూ. సరిగ్గా విని, చెప్పింది చెప్పినట్టు రాయి.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు మాట. రాజమండ్రిలో మట్టీ నీళ్ళూ పరీక్షించే ల్యాబ్‌లో చేసేదాన్ని. ఆ వానాకాలం మంగ అనే ఆవిడ సీసాలో నీళ్ళు పట్టుకొచ్చింది. మొగల్తూరు వైపు చేపలవాళ్ళు. మొగుడూ పెళ్ళామూ కొండల కింద చెరువొకటి కౌలుకు తీసుకుని, వాగు నీళ్ళు మళ్ళించి చేపపిల్లల్ని పెంచుతున్నారు. గట్టివాన పడ్డ మర్నాడు పిల్లలన్నీ చచ్చి తేలిపోయాయట.

"ఇంకోసారి పిల్లల్ని వదలమంటారా అండి? ఈసారీ పోతే మా ఆయన మళ్ళీ సముద్రం మీదకెళ్ళాలి. పడవ తిరగబడి, బతికొచ్చిన మనిషండి."

పీహెచ్ చూశాను. నీళ్ళలో పులుపెంతో చెప్పే కొలత అది, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ. ఏడుకు దగ్గరగా ఉంది, వంక పెట్టడానికి లేదు. నీరు బాగుందని రాశాను. అంతటితో ఊరుకున్నానా? మన డెల్టాలో చెరువంటే సున్నం చల్లాల్సిందే కదా, నీళ్ళొచ్చే తూము దగ్గర సున్నం వెయ్యండని కూడా రాశాను.

మూడు వారాలకి మళ్ళీ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు.

"మీరు రాసిచ్చినట్టే చేశామండి," అంది.

ఈసారి చచ్చినవన్నీ తూము దగ్గరే గుంపుగా ఉన్నాయట. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మొన్నటి సీసా ఎప్పుడు పట్టావమ్మా అంటే, వాన వెలిశాక నాలుగో రోజున, బస్సులు మళ్ళీ తిరిగాక అంది. ఆ మాట నేను మొదటిరోజే అడగాల్సింది.

మబ్బు పట్టిన రోజు చూసుకుని, మీటరు సంచిలో వేసుకుని ఆవిడతో వెళ్ళాను. గొడుగు నిలవడం లేదు. వానలో వాగు పీహెచ్ ఐదుకు దిగిపోయింది. ఆ కొండమట్టిలో పులుపెక్కువ. మన వంటగిన్నెల అల్యూమినియమే మట్టిలోనూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. పుల్లటి నీళ్ళు తగిలితే కొంత కరుగుతుంది. మామూలు రోజుల్లో ఆ నీరు లోతుకు దిగి, రాళ్ళ మధ్య నెమ్మదిగా నడిచి, పులుపూ అల్యూమినియమూ వదుల్చుకుని వాగులోకి వస్తుంది. గట్టివానకి అంత తీరికేదీ? పైమట్టిలోంచే జారి వాగులో పడుతుంది. దానికి సున్నం కలిసిన చోట, కరిగిన అల్యూమినియం జిగురులా విడిపోతుంది. కొత్తనీటికి ఎదురీదే పిల్లలు మూగేదీ అక్కడే. మంగ ఓ చచ్చిన పిల్లని తీసి మొప్ప ఎత్తి చూపించింది. తెల్లటి జిగురు పట్టేసి ఉంది, ఇక ఊపిరెలా ఆడుతుంది?

"అయితే సున్నం వెయ్యడం తప్పాండి?"

"సున్నం కాదమ్మా, చోటు తప్పు. ఆ చోటు చెప్పింది నేను."

చెరువుకి పైన విడిగా గుంట తవ్వించి, వాగు నీళ్ళు ముందు అందులోకి పట్టి సున్నం కలిపి, రెండు రోజులు తేరనిచ్చి పైనీళ్ళే చెరువులోకి వదలమన్నాను. ఆ వానలో పట్టి తెచ్చిన వాగు నీళ్ళు ల్యాబ్‌లో పరీక్షిస్తే అల్యూమినియం ఉందనే తేలింది. మూడోసారి వదిలిన పిల్లలు నిలిచాయి. ఆయన పడవెక్కలేదు.

అక్కడితో నా మనసు ఊరుకోవాలిగా. ఆ తర్వాత ఏ సీసా వచ్చినా, ఎక్కడ పట్టారు, వానలోనా వెలిశాకా అని అడగందే మూత తియ్యలేదు. సీసాలో ఉండేది ఆ ఒక్క పూట నీళ్ళేనని అప్పటికి తెలిసింది. కానీ అంతకుముందు అన్నేళ్ళు అడక్కుండా సంతకం పెట్టిన కాగితాలు ఎన్ని ఊళ్ళు వెళ్ళాయో. ఇప్పటికీ వాన మొదలైతే లేచి తిరుగుతూ ఉంటాను. వాటిలో ఒక్కటి నమ్ముకుని ఇంకెవరైనా... అదిగో, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది. ఆఁ, వస్తున్నాను, వడ్డించెయ్యమ్మా.