టపాకాయకి బెదరని కుక్క

రాజమండ్రిలో మా ఫ్లాటు వంటింట్లో ఇవాళ సాయంత్రం కొత్త బియ్యం బస్తా విప్పాను. అత్తగారు ఊళ్ళో ఆడించి పంపిన బియ్యం, పాలిష్ ఎక్కువ పట్టనివి, డబ్బాలోకి ఎత్తుతుంటే మోచేతుల దాకా సన్నటి పొడి అంటుకుంది. పాపకి అన్నం పెట్టి, పడుకోబెట్టి, దాని ఊపిరి సమంగా ఆడుతోందా లేదా అని రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చి, ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాక కూడా వేళ్ళకి ఆ వాసన ఉంది. కొంచెం తియ్యగా, కొంచెం ముక్కినట్టు, తడి తగిలితే పులిసిపోవడానికి సిద్ధంగా ఉండే పచ్చి తవుడు వాసన. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

భీమవరం అవతల మాకున్న వరిచేను తవ్వించి నాన్నగారు చేపల చెరువు వేసినప్పుడు నాకు ఏడేళ్ళు. చెరువుని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఊళ్ళో ఇల్లు వదిలేసి గట్టు మీద కట్టిన మకాంలోకి మారిపోయాం. మకాం అంటే రెండు గదులు, ముందు రేకుల పంచ, ఆ పక్కన ఆయిల్ ఇంజను పెట్టిన పాక. పంచ నిండా తవుడు బస్తాలు. పొద్దున్నే తాతయ్య చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు కూరి దోనె మీద చెరువులోకి వెళ్ళి, నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి వచ్చేవారు, కాసేపటికి శీలావతులూ బొచ్చెలూ ఆ సంచుల చుట్టూ మూగి నీళ్ళు కుతకుతలాడించేవి. నాలుగువైపులా నీళ్ళు, నీళ్ళ అవతల గట్టు, గట్టు అవతల ఇంకొకరి నీళ్ళు. ఊరు మైలున్నర దూరం. బడి వ్యాను నన్ను రోడ్డు మీద దింపేస్తే కొబ్బరి మొక్కల మధ్య నుంచి ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని. ఆదివారాలు మిగతా పిల్లలంతా ఊళ్ళో ఆడుకునేవారు. నేను అష్టాచెమ్మా గళ్ళు గీసుకుని నలుగురి గవ్వలూ నేనే వేసుకునేదాన్ని, నలుగురిలో ఎవరు గెలిచినా ఎగతాళి చేయడానికి మిగతా ముగ్గురూ లేకపోవడంతో ఆట తొందరగా అయిపోయేది.

తెల్లవారేసరికి నీటికాకులు గుంపులుగా దిగేవి. అవి మునిగి లేచిన ప్రతిసారీ ఒక చేప పిల్ల పోయినట్టే. వాటిని బెదరగొట్టడానికి నాన్నగారు గట్టు మీద నుంచి టపాకాయలు కాల్చేవారు, ఆ మోత అయ్యాక గట్టంతా పరిగెత్తి మిగిలిన పిట్టల్ని లేవగొట్టడానికి ఒక కుక్క కావాలి. మొదట తెచ్చిన గోధుమ రంగు కుక్క మొదటి టపాకాయకే ఇంట్లోకి దూరి మంచం కింద నక్కి, అమ్మ తోడుపెట్టిన పెరుగు గిన్నె తన్నేసింది. వారం చూశారు. ఓ పొద్దున్న నాన్నగారు దాన్ని ఖాళీ తవుడు సంచిలో వేసి, మూతి కట్టి, మోపెడ్ ముందు పెట్టుకుని వెళ్ళి మురుగు కాలవ అవతల ఎక్కడో వదిలేసి వచ్చారు. వచ్చి కాళ్ళు కడుక్కుని చద్దన్నం తిన్నారు. నాన్నగారు చెడ్డవారు కాదు. అక్కడ పనికిరానిదాన్ని ఉంచుకోరు, అంతే. కానీ ఆ సంచి మోపెడ్ మీద కదులుతూ వెళ్ళడం నేను చూశాను.

రెండో కుక్కని తాతయ్య ఏరారు. రైసు మిల్లులో ఒక కుక్క ఈనిందని కబురు వస్తే నన్ను కూడా తీసుకెళ్ళారు. ఊక కుప్ప పక్కన అయిదు పిల్లలు. బయలుదేరేటప్పుడే అమ్మ, "ఆడది వద్దండి మామయ్యగారూ, ఏటేటా పిల్లల్ని ఎక్కడ సాకుతాం," అని చెప్పి పంపింది. తాతయ్య కళ్ళజోడు సర్దుకుని ఒక్కోదాన్నీ ఎత్తి చూసి, గోళ్ళు లెక్కపెట్టి, ఆడవాటిని పక్కన పెట్టారు. మిగిలిన మూడింటినీ వరసగా కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి, మిల్లులో ఉన్న ఇనప పళ్ళాన్ని పారతో ధన్‌మని కొట్టారు. రెండు పిల్లలు కుయ్యోమంటూ బస్తాల కిందకి దూరిపోయాయి. మూడోది, ఒళ్ళంతా తెల్లగా, ఒక కన్ను మాత్రం నీలంగా ఉన్నది, కూర్చున్నచోటే కూర్చుని దులిపిన ఊక ఎగురుతుంటే చూస్తోంది. ఇంకోసారి కొట్టారు. కదల్లేదు.

"చూశారా! గుండంటే అదీ," అన్నారు తాతయ్య, మిల్లు షావుకారు వైపు తిరిగి.

"మీరు కొడుతుంటే నాకే గుండె ఆగిందండి బాబాయిగారూ. తీసుకుపొండి, మీకు సరిజోడు," అని షావుకారు నవ్వారు.

దారిలోనే దానికి వీరన్న అని పేరు పెట్టేశారు. ఇంటికొచ్చేదాకా నా ఒడిలో పడుకుని నా వేలు చప్పరించాడు. అప్పటినుంచి వాడు నాకు "అది" కాదు, "వాడు".

తాతయ్య మాట నిలబడింది. మొదటి టపాకాయ పేలినప్పుడు వీరన్న చెవి కూడా ఆడించలేదు, పిట్టలు లేవడం చూసి గట్టు పొడుగునా పరుగు తీశాడు. ఆ ఏడు దీపావళికి తాతయ్య వాడిని పనిగట్టుకుని ఊళ్ళోకి తీసుకెళ్ళారు. ఊరి కుక్కలన్నీ గడ్డివాముల్లో దాక్కుంటే, పిల్లలు గోగుకాడలకి గుడ్డలు చుట్టి వెలిగించి తిప్పుతుంటే, చుట్టూ మతాబులు వెలుగుతుంటే, బాంబులు మోగుతుంటే, వీరన్న అరుగు కింద కూర్చుని నేను తుంచి పెట్టిన బూరె తిన్నాడు. వచ్చినవాళ్ళందరికీ తాతయ్య మిల్లులో పళ్ళెం కథ మొదటినుంచీ చెప్పారు. పిలిస్తే రాకపోతే పౌరుషం అన్నారు. అన్నం పళ్ళెం చప్పుడుకి లేవకపోతే తిండిమీద యావ లేదన్నారు.

వాడి పనులన్నీ నావే. ఎండాకాలం ఒంటికి పట్టిన గోమార్లని ఒక్కొక్కటే లాగి కిరసనాయిలు చిప్పలో వేసేదాన్ని. వానాకాలం చెవుల వెనక పుండ్లు పడితే పసుపూ వేపనూనే కలిపి రాసేదాన్ని. అమ్మ చేప తలకాయల పులుసు కాస్తే, ముళ్ళు ఏరి, ఆ నీళ్ళు అన్నంలో పోసి కలిపేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం, వాడు నా పక్కన నిద్రపోతుండగా, అమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి గచ్చు మీంచి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వెళ్ళింది. నేను ఉలిక్కిపడి లేచాను. అరుగు మీద పడుకున్న వీరన్న మీసం కూడా కదల్లేదు. అమ్మ లోపలికి వెళ్ళాక వాడి చెవి దగ్గర చప్పట్లు కొట్టాను. పేరు పెట్టి అరిచాను. తర్వాత కాలితో నేల మీద గట్టిగా తన్నాను. కళ్ళు తెరిచి, నా వైపు చూసి, తోక ఊపాడు.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. అర్థమవడానికి అది చాలు. వాడిది ధైర్యం కాదు, వాడికి అసలేమీ వినపడదు. పంచలో మడతపెట్టి ఉన్న ఖాళీ తవుడు సంచుల వైపు చూశాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచి నా రోజంతా అదే పని. ఎవరైనా వస్తున్న చప్పుడు వినపడితే వీరన్న ఎదురుగా వెళ్ళి నిలబడి దారిలో ఉన్న తడిక తలుపు వైపు మొహం తిప్పేదాన్ని, నా మొహం చూసి వాడు అటు తిరిగి మొరిగేవాడు. నేలమీద రెండుసార్లు తడితే రమ్మని, చెయ్యి చదునుగా పెడితే కూర్చోమని నేర్పాను. ఇంజను నడుస్తున్నప్పుడు నేలంతా అదురుతుంది కాబట్టి వాడికి అడుగులు కూడా తెలియవు, అందుకని ఆ వేళల్లో వాడిని పాక దగ్గర పడుకోనిచ్చేదాన్ని కాదు. సెలవులున్నంతకాలం బాగానే గడిచింది. బడి తెరిచాక పొద్దున్నే కడుపులో నొప్పి మొదలైంది. అమ్మ వాము నీళ్ళు తాగించి వ్యాను ఎక్కించేది. బళ్ళో ఎక్కాలు చెబుతున్నా నా కళ్ళకి మోపెడ్ మీద సంచే కనిపించేది. ఆ నొప్పి అబద్ధమని అమ్మ అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు పాపకి ఒళ్ళు వెచ్చబడినప్పుడల్లా సరిగ్గా అక్కడే నొప్పి వస్తోంది.

సాయంత్రాలు గట్టు చివర వాడి పక్కన కూర్చుని కబుర్లన్నీ చెప్పేదాన్ని. వ్యానులో నా పక్కన ఎవరూ కూర్చోరనీ, నా బట్టలు తవుడు కంపు కొడుతున్నాయని ఒకమ్మాయి ముక్కు మూసుకుందనీ చెప్పేదాన్ని. వాడికి వినపడదని తెలిసే చెప్పేదాన్ని. నా పెదాలు కదులుతున్నంతసేపూ వాడు నా మొహం వైపే చూసేవాడు. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్ళు ఆ తర్వాత కూడా ఎక్కువమంది లేరు.

ఒక శనివారం ఒంటిపూట బడి. వ్యాను దిగి వస్తుంటే తవుడు లారీ గట్టు మీద వెనక్కి వస్తోంది. గట్టు సన్నం, లారీ తిరగడానికి చోటు ఉండదు కాబట్టి ఎప్పుడూ వెనక్కే రావాలి. పాకలో ఇంజను నడుస్తోంది. దాని పక్కన, సరిగ్గా చక్రాల దారిలో, వీరన్న నిద్రపోతున్నాడు. క్లీనరు లారీ బాడీ మీద బాదుతున్నాడు, డ్రైవరు హారను వదలకుండా కొడుతున్నాడు. కుక్క తప్పుకుంటుందిలే అని వాళ్ళు వస్తూనే ఉన్నారు. నేను బడి సంచి పారేసి "వీరన్నా, వీరన్నా" అని అరుస్తూ పరిగెత్తాను. ఎందుకు అరిచానో తెలియదు. వెళ్ళి వెనక కాలు పట్టి లాగాను. నిద్దట్లో అదిరిపోయి వాడు నా మణికట్టు కొరికాడు. లారీ ఆగింది.

డ్రైవరు దిగి వచ్చి, "ఇంత హారనేంటి, ఇది లేవకపోవడమేంటండి! ఇది చెవిటి కుక్కండి బాబూ," అన్నాడు.

అందరూ అక్కడే ఉన్నారు. అమ్మ నా చేతికి కొంగు చుడుతోంది. నాన్నగారు నా రక్తం వైపు చూశారు, కుక్క వైపు చూశారు, తర్వాత పంచ వైపు చూశారు. నేను ఏడవలేదు. ఏడిస్తే కుక్క బాగా కరిచిందనుకుంటారని.

అప్పుడు తాతయ్య లేచారు. "చెవుడేంటయ్యా? అయిదింట్లో ఏరి తెచ్చాను నేను. నీ లారీకి దారి ఇవ్వాలని దానికి అనిపించలేదు, అంతే!"

"మరి పిల్లని కరిచింది కదా నాన్నగారూ," అన్నారు నాన్నగారు.

"నిద్దట్లో కాలు పట్టి లాగితే నేనైనా కరుస్తానురా. నిన్నూ కరుస్తాను, కావాలంటే లాగి చూడు."

క్లీనరు నవ్వేశాడు. డ్రైవరు, "మీ ఇష్టమండి, మీ కుక్క," అని బస్తాలు దింపించడానికి వెళ్ళాడు. నాన్నగారు మోపెడ్ తీశారు. నా ప్రాణం పోయింది. ఆయన నన్ను వెనక ఎక్కించుకుని ఇంజక్షనుకి భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. తిరిగొచ్చేసరికి వీరన్న గట్టు మీదే ఉన్నాడు, తాతయ్య వాడికి అన్నం పెడుతున్నారు. పెట్టే ముందు చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొట్టారు.

రోజూ అలాగే కొడతారు. ముసలాయన అలవాటనుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం నిలబడి చూశాను. కర్ర దెబ్బకి వీరన్న తల ఎత్తాడు, తాతయ్య వాడి కళ్ళెదురుగా వచ్చాకే పళ్ళెం కింద పెట్టారు. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఆయన కుర్చీ పంచలోంచి తడిక ఎదురుగా మారేది. దీపావళికి ఊళ్ళో చెప్పిన కథ అంత పొడుగు ఎందుకు సాగిందో కూడా తెలిసింది. నేను కష్టపడి దాస్తున్నదాన్నే అదే గట్టు మీద, నాకు తెలియకుండా, ఆయనా దాస్తున్నారు. మిల్లులో నవ్వుతారన్న పరువు కోసమో, కుక్క కోసమో, నా కోసమో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా ఆ మాట గాలికి నాన్నగారి దాకా పోతుందని భయం. అలా ఏళ్ళు గడిచాయి. నేను హాస్టల్లో ఇంటర్ చదువుతుండగా తాతయ్య పోయారు. తర్వాతి వానాకాలం వీరన్న, ముసలివాడై, నిద్దట్లోనే పోయాడు.

కిందటి నెల మా ఆయనా నేనూ పాపని తీసుకుని నాన్నగారితో కలిసి అక్కడికి వెళ్ళాం. చెరువు ఇప్పుడు రొయ్యలకి కౌలుకిచ్చారు. నీళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పిట్టలు దిగకుండా దారాలు కట్టారు, గట్టు చుట్టూ ప్లాస్టిక్ పట్టా, స్తంభాలకి కెమెరాలు. దోనె లేదు, మకాం లేదు, తవుడూ లేదు, రొయ్యలకి కంపెనీ మేత. కాపలా అతను మా చెప్పులు మందు నీళ్ళలో ముంచి గానీ లోపలికి రానివ్వలేదు. ఇక్కడ కుక్క ఏదీ అని పాప మారాం చేస్తే, "ఇక్కడ కుక్కల్ని రానివ్వకూడదమ్మా, రొయ్యకి జబ్బులొస్తాయి," అన్నాడు.

నాన్నగారు నవ్వి మా ఆయనతో, "ఒకప్పుడు ఇక్కడ మాకో కుక్క ఉండేదండి. మా నాన్నగారు ఏరి తెచ్చారు. చెవి పక్కన టపాకాయ పేల్చినా బెదిరేది కాదు. అంత గుండె గల కుక్కని మళ్ళీ చూడలేదు," అన్నారు.

అని నా వైపు చూశారు, కాస్త ఎక్కువసేపే. ఆయనకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎలా ఉండేది ఆ కుక్క?" అని మా ఆయన నన్ను అడిగారు.

"తెల్లగా ఉండేవాడండి," అన్నాను. "చాలా ధైర్యం."