పారబోయని నీళ్ళు

చంద్రపూర్ దగ్గరి భద్రావతిలో బొగ్గుగని క్వార్టర్ల వెనకాల, రేకుల కొట్టంలో మా ఎర్రావు ఉండేది. బిందెడు పాలిచ్చే ఆవు పోయినసారి ఈనినప్పుడు నడుము దెబ్బతిని కుంటిదైంది. మళ్ళీ కడుపు మోస్తే ఇక లేవదని పశువుల డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అప్పటిదాకా పుట్టినవన్నీ కోడెలే. ఒక్క పెయ్యన్నా లేకుండా పోతుందని అమ్మకు ముద్ద దిగలేదు.

దారి చూపించిందీ డాక్టరమ్మే. సూదులిచ్చి ఆవును ఎదకు తెస్తుందట. వీర్యం ఎక్కించి, వారం తర్వాత సన్నటి గొట్టంతో పిండాలను బయటికి తీసి, పక్కింటి ఆవు కడుపులో పెడుతుందట. కత్తి తగలదట! ఇక నేను ఆగుతానా, కనబడిన ప్రతివాళ్ళకూ ఇదే కథ చెప్పాను.

వీర్యం ఎక్కించిన వారానికి డాక్టరమ్మ చంద్రపూర్ నుంచి పొద్దున్నే వచ్చింది. గ్లవుజు తొడుక్కుంటూ, "గర్భసంచి కడుగుదాం" అంది. అమ్మ గబుక్కున వెళ్ళి ఆవుకు అడ్డం నిలబడింది. మా క్వార్టర్లలో కడగడమంటే కడుపు తీయించడమే.

"వారం కింద నువ్వే కడుపు జేస్తివి. గిప్పుడు నువ్వే కడుగుతనంటవేంది బిడ్డా?"

డాక్టరమ్మ మరాఠీ మనిషి, తెలుగు మాబోటి వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. "కడిగి పారబొయ్యనమ్మా, పట్టుకుంట" అని నవ్వింది.

అమ్మ పక్కకు జరిగింది గానీ ఆవు మెడ వదల్లేదు. తోక మొదట్లో మత్తుసూది పడింది. గోరువెచ్చని మందునీళ్ళు గొట్టంలోంచి లోపలికి పోయి, జల్లెడలాంటి జాలీ ఉన్న గిన్నెలోకి తిరిగి వచ్చాయి. ఆవు మాత్రం నెమరు ఆపలేదు. నాకే కాళ్ళు ఒకచోట నిలవలేదు.

వంటింటి బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి డాక్టరమ్మ ఆ నీళ్ళన్నీ వెతికింది. "ఏం లేవమ్మా" అంది చివరికి. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ గిన్నె తీయబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"పారబొయ్యనంటివి గద."

డాక్టరమ్మ ఏమనుకుందో, మళ్ళీ కూర్చుంది. గిన్నె అంచుల్ని ఇంకాసిన్ని నీళ్ళతో కడిగి, కన్ను ఆనించి, కదలకుండా ఉండిపోయింది. "ఉంది" అంది. ఆవిణ్ణి దాదాపు నెట్టేసి నేను చూశాను. ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంది, చుట్టూ తేట, మధ్యలో ముద్ద. అమ్మ చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఆ పూటే దాన్ని పక్కింటి ఆవులో పెట్టారు. నెలలు నిండాక అది ఎర్రటి పెయ్యను ఈనింది. పాలు మరిచాక మా కొట్టానికి తెచ్చుకున్నాం. ఎవరొచ్చినా అమ్మ దాని వీపు నిమురుతూ చెప్తుంది.

"మా ఆవుకు కడిగితె పుట్టింది."