రాజుకీ రా, రాణికీ రా

నలుగురు పెద్దావిడల పాతికేళ్ల స్నేహాన్ని ఒక్క అక్షరంతో కూల్చబోయిన ఘనుణ్ణి నేను. కంప్యూటరు కొత్తగా నేర్చుకున్న రోజులవి. నేర్చుకోకపోయినా ఆ తప్పు చేసేవాణ్ణేమో గానీ, అంత అందంగా అచ్చేసేవాణ్ణి కాదు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ప్రెస్సులో పెళ్లి కార్డులు డిజైన్ చేసేవాణ్ణి. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, రోజూ మధ్యాహ్నం ముగ్గురు స్నేహితురాళ్లతో రమ్మీ ఆడేది. చూపు తగ్గి, ముక్క మూలనుండే చిన్న అక్షరాలు కనబడక మానేసింది.

"కళ్లు పోయాక ఆటేంట్రా" అని గోడవైపు తిరిగి పడుకునేది. స్నేహితురాళ్లు వచ్చి, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. పోనుపోను రావడమే తగ్గించారు.

నాకు బాధేసింది. బాధతోపాటు తెలివీ పుట్టుకొచ్చింది, చిక్కంతా అక్కడే. తెలుగులోనే ముక్కలు వేద్దామనుకున్నాను. బొమ్మలు తీసేసి, ముక్కకొక గుమ్మడికాయంత అక్షరం పెట్టాను. ఆసుకి ఆ, జాకీకి జా, రాణికి రా, రాజుకి రా. లామినేషన్ చేయించి రెండు కట్టలు పట్టుకొచ్చాను.

మీకీపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

మొదటిరోజే మామ్మ నవ్వుతూ షో చెప్పి ముక్కలు పరిచింది. "మూడు రాజులు."

"అందులో ఒకటి రాణి అండి" అన్నారు శేషమ్మగారు. ఆవిడ రిటైరైన టీచరు.

"రాణని ఎక్కడ రాసుంది?"

"రాజని మాత్రం ఎక్కడ రాసుందండి?"

సూరమ్మగారు తన ముక్కలు కింద పెట్టేశారు. "నా దగ్గర నాలుగు రాలున్నాయి. నేను షో చెప్పకుండా ఎందుకు కూర్చున్నానంటారు, మర్యాదకా?" అంటూ లేచి చెప్పులేసుకున్నారు.

అందరూ నావైపు తిరిగారు. "ఒరేయ్, ఇది రాజా, రాణా?" అంది మామ్మ.

ముక్కని తిప్పి తిప్పి చూశాను. నాకూ తెలియలేదు. ఎలాగో బయటపడాలని "ఏదైనా అనుకోవచ్చు మామ్మా" అన్నాను.

శేషమ్మగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అంటే, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లా?"

సూరమ్మగారు చెప్పులు విప్పేశారు.

మర్నాటి నుంచి భోజనాలు తొందరగా అయిపోయేవి. ఒకరి చేతిలో రాజు ఇంకొకరి చేతిలోకి వెళ్లగానే రాణి అయిపోయేది. ఆ వాదనలు వీధి చివరికి వినబడేవి. చూడ్డానికి పక్కింటివాళ్లు కూడా వచ్చేవారు.

నేను మాత్రం పరువు నిలబెట్టుకోవాలని, నెల తిరక్కుండా రాజు, రాణి అని పూర్తి పేర్లతో కొత్త కట్టలు వేసి ఇచ్చాను. మూడో రోజుకి మామ్మ మళ్లీ మంచమెక్కింది.

"కనబడట్లేదా మామ్మా?"

"శుభ్రంగా కనబడుతున్నాయి. అదే వచ్చిన రోగం. ఏది ఏంటో తెలిసిపోయాక దెబ్బలాడుకోడానికేముందిరా? ఆ తప్పులవే తీసుకురా. అవి విసుగొస్తే ఇంకో తప్పుతో వెయ్యి."

వేశాను. ఆరుకీ తొమ్మిదికీ తేడా తెలియని కట్ట ఒక్కటే రెండేళ్లు ఆడారు. ఇకమీదట తప్పులేని పేకముక్క నా చేత్తో వెయ్యనని గోదారి నీళ్లు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేశాను. ఇప్పటివరకూ తప్పలేదు.