ఉప్పలయ్య తీసిన గుండ్రం

మా ఆయన ఉప్పలయ్యకు నాచారంల ఒక షెడ్డుల లేత్ మిషన్ మీద ముప్పై రెండేండ్ల సర్వీసు. ఇనుమును గుండ్రంగ తీసుడే పని. ఇంకో వారంల రిటైర్‌మెంట్ అనంగ, అన్నం తినుకుంట మా బిడ్డ గీతిక నోరు జారింది. పాలిటెక్నిక్ చదువుతది లే. "నాయినా, అసలు సిసలు గుండ్రం లోకంలనే లేదు. ఎవ్వలు తీయలేరు" అన్నది.

ఇగ సూడున్రి! కంచం పక్కకు నూకిండు. "అయితే ముప్పై రెండేండ్లు నేనేం పీకిన? దిగిపోయేలోపు ఒక్కటన్న తీసి సూపిస్త. లేకుంటే మీసం తీసేస్త!" మా పెండ్లినాటి మీసమది. నాకు భయమైంది. నవ్వు గూడ వచ్చింది, అబద్ధమెందుకు.

ఐదు రోజులు డ్యూటీ అయినంక షెడ్డులనే కూసొని ఒక సన్న రింగు తీసిండు. శుక్రవారం ఫోను: "మల్లవ్వా, బిడ్డను తీస్కొని జల్ది రా!" చిల్కానగర్ నుంచి ఆటోల ఉరికినం. అడ్డం కొలిచే మైక్రోమీటర్ పెట్టి సూపెట్టిండు. ఇటు పెడితే యాభై. అటు పెడితే యాభై. ఎటు పెట్టినా యాభై మిల్లీమీటర్లే! షెడ్డోళ్లు ఒకటే విజిల్లు. పక్క మిషన్ పోశయ్యన్న సమోసలు తెప్పిచ్చిండు. నేనైతే చిందేసిన, ఈ వయసుల.

గీతిక మాత్రం రింగును గాడి ఉన్న ఇనుపదిమ్మె మీద పెట్టి, దానికి ఎత్తుపల్లాలు సూపే డయల్ గేజి ఆనిచ్చి, మెల్లగ తిప్పింది. సూది లేసింది, పడ్డది. లేసింది, పడ్డది. మల్ల లేసింది, పడ్డది. చుట్టు తిరిగేసరికి సరిగ్గ మూడుసార్లు.

ఆయన మొఖం మాడిపాయె. మిషన్ల రింగును లోపల్నుంచి పట్టేది మూడు దౌడలు. ప్రేమ ఎక్కువై జర గట్టిగ బిగిచ్చిండు. వదిలినంక రింగు మూడు దిక్కుల వంకర తిరిగింది. ఎటు కొలిచినా అడ్డం ఒక్కటే గని, గుండ్రం మాత్రం కాదు. "కొత్తోడు జేసే తప్పు" అనుకుంట సక్కగ మంగలి షాపుకు పోయిండు.

మీసం లేకుంట మల్ల షెడ్డుకొచ్చి నిలవడితే నేను ఆపుకోలేక కిసుక్కున నవ్విన. ఆయన నవ్వలే. "ముప్పై రెండేండ్లల్ల ఒక్కటి గూడ కాలేదన్నట్టేనా బిడ్డా?" అన్నడు.

"నీకే కాదు నాయినా, ఎవ్వలకు కాలేదు. గా గుండ్రం తలకాయలనే ఉంటది. దాని చుట్టును అడ్డంతోని భాగిస్తే వచ్చేదే పై."

"ఎరికే. మూడు పాయింట్ ఒకటి నాలుగు. అయిపాయె."

"యాడ అయిపాయె? ఆ తర్వాత ఒకటి, ఐదు, తొమ్మిది, రెండు, ఆరు... ఎంత రాసినా దగ్గరికి పోతనే ఉంటం. ఆఖరుండదు."

"ఆఖరే లేదా?"

"లేదు."

"ఓరి నీ! అంటే పనింక ఉన్నదన్నట్టే!" అని ఒక్క ఎగురు ఎగిరిండు. రింగును మల్ల మిషన్ల పెట్టి, ఈసారి ముట్టీ ముట్టనట్టు బిగిచ్చి, సన్నగ ఒక్క పొర తీసిండు. గీతిక తిప్పింది. సూది ఊగింది గని, ముందటి దాంట్ల సగమే. మల్ల విజిల్లు! నాకు నవ్వో ఏడుపో తెల్వలే.

శనివారం షెడ్డు సేటు దండేసి, "ఇగ ఇంట్ల ఆరాం జెయ్యి ఉప్పలయ్యా" అన్నడు.

"సేటూ, సోమవారం మిషన్ ఖాళీగ ఉంటదా?" అన్నడు మా ఆయన.