విజయమ్మ ఇంటి పులిసిన టీ

గద్వాలలో మగ్గాల సందులోకి వెళ్ళి టీ విజయమ్మ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. టీ బండి ఉంటుందనుకుని పోతే మాత్రం పప్పులో కాలేసినట్టే. అక్కడ బండీ లేదు, పొయ్యి మీద మరిగే గిన్నే లేదు. గూట్లో పెద్ద గాజు సీసా, దాని మూతికి కట్టిన పాత ధోవతి గుడ్డ ఉంటాయి. లోపల తేనె రంగు నీళ్ళ మీద మందపాటి దోసె లాంటి పొర ఒకటి తేలుతుంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు ముక్కు మూసుకుంటారు.

విజయమ్మ వనపర్తి పక్క పల్లె నుంచి ఈ సందుకు కోడలిగా వచ్చింది. మగడు శంకరయ్య చీరలు నేసేవాడు, ఆమె రాట్నం తిప్పి కండెలకు దారం చుట్టేది. ఒకనాడు శంకరయ్య మగ్గం మీదే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. పిల్లాజెల్లా లేరు. ఆ తర్వాత ఆమెకు పని ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు, పలకరించేవాళ్ళకూ కొదవ లేదు. పసుపు కుంకుమల పనైతే మాత్రం ఆ ఒక్క గడప వదిలేసి పక్కింటికి పోయేవాళ్ళు. ఎదురింట్లో ఒడిబియ్యం పోస్తుంటే ఆమె తనంత తానే తలుపు దగ్గరకు వేసుకునేది. వేసుకోమని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఒళ్ళు మండేది అందుకే.

ఆ ఎదురింటి యమున ఒక్కతే వేరు. పండగైనా పబ్బమైనా కొంగు చాటున గిన్నె పెట్టుకుని వచ్చేది. "విజయక్కా, పొద్దుగూకింది, జర తిను" అని పక్కన కూర్చుని తినిపించి గానీ పోయేది కాదు.

ఆ సీసా తెచ్చింది విజయమ్మ మేనకోడలు సింధూజ. హైదరాబాదులో రక్తపరీక్షలు చేసే చోట పనిచేస్తుంది. చైనావాళ్ళు ఏనాటి నుంచో తాగుతున్న టీ అని, డికాషన్‌లో చక్కెర కలిపి ఈ పొర వేస్తే వారం పది రోజులకు పులుస్తుందని చేసి చూపించింది. ప్రతిసారీ కొత్త పొర పుడుతుంది, దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు.

"దీంతోని ఏం ఫాయిదా బిడ్డా?" అని అడిగింది విజయమ్మ.

"పులిసింది గదత్తా, కొందరికి అరుగుదలకు మంచిగుంటది. మిగతాయన్నీ ఇంకా పరీక్షలు చేస్తున్నరు. షుగరుకు మాత్రం మందు గాదు, దీంట్ల కూడా జర చక్కెర మిగుల్తది. గోలీలు మింగెటోళ్ళు మింగాల్సిందే. కడుపుతోని ఉన్నోళ్ళకు ఇయ్యకు."

విజయమ్మ మొదట్లో ఆ మాటలు పొల్లు పోకుండా అందరికీ చెప్పింది. అరుగుదలకు మంచిదట అంటే ఎవరు కదులుతారు? అలాగా అని పోయేవాళ్ళు. ఒకావిడ తాగితే మోకాళ్ళ నొప్పి తగ్గిందని ఎవరో పుట్టించాక సందంతా కదిలింది. గ్యాసుకన్నారు, తర్వాత బీపీకన్నారు, చివరకు షుగరుకూ అన్నారు. కొత్త పొరకు పిల్ల అని పేరు పెట్టారు. "విజయక్కా, నాకొక పిల్లనియ్యి" అంటూ డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. శుభకార్యాలకు ఆమె గడప దాటేసి పోయినవాళ్ళే ఇప్పుడు అదే గడప మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగుతున్నారు. ఆమె మనిషే మారిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాప పరిచి ఎదురుచూసేది. సింధూజ చెప్పిన మాటల్లో గోలీల ముక్క ముందు సగమైంది, తర్వాత మొత్తానికే పోయింది. పాపం అనాలో తిట్టాలో తెలియదు. అన్నేళ్ళు ఒంటరిగా కూర్చున్న మనిషికి నలుగురు వస్తుంటే ఆశ ఉండదా?

ఒక మధ్యాహ్నం ఆ చాప మీద సావుకారు భార్య కూర్చుని ఉంది. సందులో సగం మగ్గాలకు పని ఇచ్చే ఇల్లు వాళ్ళది. ఆవిడ విజయమ్మ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. అప్పుడే యమున వచ్చింది.

"అక్కా, షుగరు గోలీలు మింగితే కడుపుల ఒకటే మంట. నీ టీ తాగుతనే ఉన్న గద. గోలీలు బంద్ జెయ్యనా?"

వద్దు అనే మాట విజయమ్మ నాలుక చివర దాకా వచ్చింది. సావుకారు భార్య ఏం చెబుతుందా అని చూస్తోంది. ఆవిడ ముందు ఇది మందు కాదని ఎలా అనడం?

"నీ ఇష్టం చెల్లె. తాగెటోళ్ళకు మంచిగనే అయితుంది" అంది.

చలికాలం వచ్చేసరికి యమునకు కొత్త చెప్పు కరిచి కాలు పుండైంది. మానలేదు, నల్లబడింది. కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. పాదం తీసేశారు.

ఆ కబురు విన్నాక విజయమ్మకు అన్నం సయించలేదు. సందంతా వచ్చి మీద పడుతుందనుకుంది. పడితే బాగుండు అని కూడా అనుకుంది. కానీ జరిగింది వేరు. మంచం మీద తిరిగొచ్చిన యమున, చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది. "విజయక్క టీ తాగవట్టే పాదంతోని పోయింది, లేకుంటే కాలు మొత్తం పోతుండె." దాంతో డబ్బాలు పట్టుకొచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు.

ఇక పట్టలేక ఒకనాడు విజయమ్మ వెళ్ళి యమున మంచం పట్టె మీద కూర్చుంది.

"చెల్లె, గోలీలు బంద్ జెయ్యొద్దని సింధూజ నాకు ముందే చెప్పింది. నేనే నీకు చెప్పలే. సావుకారామె ముంగట ఇజ్జత్ పోతదని చెప్పలే."

యమున ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

"ఎరికే అక్కా. గోలీలు ఆపుడే ఇంత పని జేసిందని దవాఖానల చేరిన్నాడే డాక్టరు చెప్పిండు."

"మరి అందరికి గట్లెందుకు చెప్తున్నవ్?"

"నిజం చెప్తే నీ గడప ఎవరు తొక్కుతరక్కా? మల్ల ఒక్కదానివే కూసుంటవ్ గద."

విజయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే చాప మీద కూర్చున్న వాళ్ళందరికీ తన నోటితోనే చెప్పేసింది. ఇది మందు కాదని, యమున పాదం తన మాట వల్లే పోయిందని. సావుకారు భార్య డబ్బా మూత పెట్టుకుని లేచింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. మరుసటి రోజు నుంచి చాప పరిచే పని తప్పింది.

ఇప్పుడు ఎప్పుడో ఒకరు అడుగుతారు. గోలీల సంగతి ముందు చెప్పి, ఆ తర్వాతే సీసా గుడ్డ విప్పుతుంది. చాలామంది విని వెళ్ళిపోతారు. తీసుకునేవాళ్ళు లేక పొరల మీద పొరలు పేరుకున్నాయి.

రోజూ పొద్దున ఆమె గ్లాసుడు నీళ్ళు, గోలీలు పట్టుకుని సందు దాటి ఎదురింటికి పోతుంది. యమున మింగేదాకా పక్కనే నిలబడుతుంది. ఆ రోజు చాప మీద వద్దు అని ఒక్క మాట అని ఉంటే, గిన్నె కొంగు చాటున పెట్టుకుని యమునే ఇటు నడిచి వచ్చేది.