మాటు వేసిన పైపు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఈ సంగతి నా గొంతు దాటి రాదు. ఎన్నోసార్లు ప్రయత్నించాను, రాలేదు. ఒక మనిషి బతుకు ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. అన్నం ముందు కూర్చుంటే ఉంటుంది, ఎవరైనా నా పనితనాన్ని మెచ్చుకుంటే ఇంకాస్త బరువెక్కుతుంది. ఇప్పుడు దింపుతున్నాను. దిగుతుందో లేదో తెలియదు.

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. ఆఫీసర్ల కార్లన్నీ అక్కడికి చేరాయి, వాటి వెంట మంచి మేస్త్రీలూ వెళ్లిపోయారు. నేను కడపలోనే, స్టేషన్ దారిలో నా రేకుల షెడ్డులోనే ఉండిపోయాను. సొంత ఊరు వదల్లేక ఉన్నానని చెప్పుకునేవాణ్ణి. నిజానికి నన్ను ఎవరూ రమ్మనలేదు. అది నాలో ముల్లులా ఉండేది.

మస్తాన్, నేను ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. వాడికి రెంచి కంటే స్టీరింగు మీద ప్రాణం. వేంపల్లె దగ్గర ఒక భూస్వామి వాణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. కారు యుద్ధానికి ముందుది, ఎవరో దొర వెళ్లిపోతూ అమ్మింది. మస్తాన్ దాన్ని ఆవును చూసుకున్నట్టు చూసుకునేవాడు.

ఆ వేసవిలో ఒక పొద్దున కారు తెచ్చి, వెనక చక్రం లోపలివైపు తడిగా ఉందని చెప్పాడు. కిందికి దూరి చూశాను. బ్రేకు నూనె పోయే సన్నటి పైపు, అడుగునున్న ఛాసిస్ ఇనప చట్రానికి ఒరుసుకుని అరిగిపోయింది. సూదిమొనంత రంధ్రం. పెడల్ నొక్కితే అందులోంచి నూనె చెమటలా పుట్టి జారుతోంది. ఆ కార్లలో నాలుగు చక్రాలకూ వెళ్లేది ఒకే నూనె. ఒక్కచోట పైపు తెగితే ఏ చక్రానికీ బ్రేకు ఉండదు. ఇది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని నేను ఎక్కడా అనను.

కొత్త పైపు మద్రాసు నుంచి రావాలి. వచ్చేదాకా కారు కదపకూడదని మస్తానే అన్నాడు. కాని పెద్దాయన షెడ్డుకు వచ్చాడు. రాయచోటిలో చెల్లెలికి జబ్బు ముదిరిందట, వెంటనే వెళ్లాలట. నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే, నవ్వుతూ, నీ చేత కాకపోతే చెప్పు, కర్నూలు నుంచి మేస్త్రీని పిలిపిస్తానన్నాడు. ఆయనకది మామూలు మాట. నాకు చెంపదెబ్బ. పైపు రేపటికల్లా వస్తుంది, వేసి పంపిస్తానన్నాను.

మర్నాడు పార్సిలు రాలేదు.

అప్పుడైనా రాలేదని చెప్పి ఉండవచ్చు. ఎంత చిన్న మాట. ఎందుకు చెప్పలేకపోయాను? పైపు విప్పి, గీకి, రంధ్రం మీద రాగి తీగ చుట్టి తగరంతో మాటు వేశాను. చెంబుకు బొక్క పడితే వేస్తారే, అలాంటి మాటు. దాని మీద నల్లరంగు పూసి బిగించాను. స్టేషన్ దారిలో నడిపి చూస్తే బ్రేకు పట్టింది. చదునునేల మీద ఎందుకు పట్టదు? కనుమలో మలుపు మలుపుకూ బలంగా తొక్కితే ఆ తగరం ఎంతసేపు ఆగుతుందన్న ప్రశ్న నాలో లేచింది. దాన్ని నేనే నొక్కేశాను.

మస్తాన్ వచ్చాడు.

"పైపు వచ్చెనా అన్నా?"

"వచ్చింది. ఏసినా."

"కొత్తదేనా?"

"కొత్తదే."

వాడు సగం వంగాడు, కిందికి దూరి చూడడానికి. మళ్లీ లేచి చేతులు దులుపుకున్నాడు. "నువ్వు జెప్పినాక నేను సూసేదేముండాది," అన్నాడు.

కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ దాటాలి. పోయేటప్పుడు ఎక్కుడు, బ్రేకుతో అంత పని ఉండదు. వచ్చేటప్పుడంతా దిగుడు. వాళ్లు క్షేమంగా చేరారని సాయంత్రం బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. ఊపిరి పీల్చుకున్నాను. రాగానే ఏదో వంక చెప్పి కారు ఆపి, అసలు పైపు బిగించేయాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పార్సిలు వచ్చింది. విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. రాయచోటి బస్సు ఇంకా బయలుదేరలేదు, దాని హారను నా షెడ్డులోకి వినిపిస్తూనే ఉంది. పైపు తీసుకుని ఎక్కితే చాలు. అక్కడే మార్చేయవచ్చు. కాని అక్కడికి వెళ్లి ఏమని చెప్పాలి? నిన్న వేసింది కొత్తది కాదని చెప్పాలి. నేను లేవలేదు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు దూరమయ్యేదాకా పైపును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. ఆ పొద్దు ఎండ తెల్లగా, గాలి లేకుండా ఉంది. ఏదో జరుగుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒక లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. కనుమ దిగుతూ మస్తాన్ హారను కొడుతూనే ఉన్నాడట. గేరు తగ్గించాడట, చేతిబ్రేకు లాగాడట. కారు ఆగలేదు. లోయలో పడకుండా కొండవైపు తిప్పాడు. ఆ వైపున కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి దిగుతోంది. ఆమె పేరు ఓబులమ్మ. అక్కడికక్కడే పోయింది. పెద్దాయనకు భుజం విరిగింది. మస్తాన్‌కు నుదురు చిట్లింది, అంతే.

విరిగిన బండిని తాళ్లు కట్టి లారీతో లాగించుకొచ్చారు. ఎక్కడికి? నా షెడ్డుకే. పరీక్ష చేయడానికి ఇన్‌స్పెక్టరు మర్నాడు వస్తాడన్నారు.

ఇక్కడిదాకా చేసింది భయంతో, అహంకారంతో చేశానని ఎవరైనా అంటే తల వంచుకుంటాను. తర్వాత చేసినదానికి పేరు నాకు దొరకలేదు. ముందు భాగం నుజ్జయింది కాని వెనకవైపు బాగానే ఉంది. కిందికి దూరాను. తగరం విచ్చుకుని, రాగి తీగ వేలాడుతోంది. విప్పేశాను. మద్రాసు పైపు బిగించాను. చితికిన ముందు పైపుల నోళ్లు మూసి, నూనె నింపి, పైపుల్లో చిక్కుకున్న గాలి తీశాను. కొత్త పైపు మెరుస్తోంటే మట్టీ మడ్డీ కలిపి రుద్దాను. చక్రానికి అంటిన నూనె తుడిచాను. రోడ్డు మీద కారినదాన్ని దుమ్ము ఎప్పుడో తాగేసి ఉంటుంది. తీసిన పైపును బుగ్గవంక మడుగులో పారేశాను. నా చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

ఇన్‌స్పెక్టరు పెడల్ తొక్కి చూశాడు. గట్టిగా నిలబడింది, వెనక చక్రాలు బిగుసుకున్నాయి. ముందు చక్రాల సంగతి అడిగితే, గుద్దుకున్నప్పుడు చితికిన పైపులు నేనే మూశానని చెప్పాను. వెనక పైపు నేనే కొత్తది వేశానన్నాను. అక్కడ ఉన్నది కొత్తదే మరి. బ్రేకులు బాగున్నాయి, డ్రైవరు తొక్కలేదు అని తేలింది. కోర్టులోనూ అదే చెప్పాను. బ్రేకు పడలేదని మస్తాన్ చెప్పుకున్న మాట ఎవరికీ పట్టలేదు. కొన్ని నెలలు జైలు, లైసెన్సు రద్దు. తీర్పు విన్నాక వాడు నావైపు చూశాడు. ఆ చూపులో అనుమానమేమీ లేదు. అనుమానించి ఉంటే బాగుండేదేమో. ఇద్దరం శత్రువులమయ్యేవాళ్లం, నాకు అది తేలిక.

జైలు నుంచి వచ్చిన వారంలోనే షెడ్డుకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పాత టైరు మీద కూర్చుని, నేలను చూస్తూ అడిగాడు.

"నిజం జెప్పన్నా. నేను తొక్కినట్టే గుర్తుండాది. కాలు కిందికంటా పోయినట్టు గుర్తుండాది. బ్రేకులు బాగుండాయంటివి. మరి నేను తొక్కలేదా?"

చెప్పడానికి దేవుడు ఇంతకంటే మంచి సమయం ఇవ్వడు. షెడ్డులో మేమిద్దరమే. నేనేమన్నానో అక్షరం మారకుండా రాస్తున్నాను.

"భయంలో మనిషికి ఏం జేస్తాండాడో తెలీదప్పా."

వాడు తల ఊపాడు. నమ్మాడు. నా మాట ఎప్పుడూ నమ్మినట్టే నమ్మాడు. ఆ రోజు నుంచి వాడి దృష్టిలో ఓబులమ్మను చంపింది వాడి కాలు.

మళ్లీ స్టీరింగు ముట్టలేదు. కడప బండలు కోసే చోట బండలెత్తే పనికి పోయాడు. బస్సులో ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవాడు. ఎక్కడ కూర్చున్నా వాడి కుడికాలు ఉన్నట్టుండి నేలను నొక్కేది. టీ అంగట్లో, ఇంటి అరుగు మీద, పెళ్లి భోజనాల్లో. అదేదో నరాల జబ్బు అనుకునేవాళ్లు. నేను ఎదురుగా కూర్చుని చూసేవాణ్ణి. ఏటా ఒకసారి ఓబులమ్మ పిల్లలకు బట్టలు తీసుకుని ఆ కనుమ ఊరికి పోయి వచ్చేవాడని వాడి భార్య చెప్పింది. వాళ్లు మొదట్లో రాళ్లు రువ్వారట. తర్వాత తీసుకున్నారట. నేను ఎన్నడూ పోలేదు. నాకు పనులు పెరిగాయి. అంత పెద్ద కేసులో నిజాయితీగా సాక్ష్యం చెప్పినవాడినని పేరొచ్చింది.

మస్తాన్ పోయి చాలాకాలమైంది. జనాజాకు భుజం పట్టాను. దారిలో వాడి కొడుకు నా పక్కనే నడుస్తూ, మా నాయన ఆఖర్లో కూడా ఆ కాలునే తిట్టుకున్నాడు పెదనాయనా అన్నాడు. నేను భుజం మార్చుకుని నడిచాను.

ఆ అబ్బాయికి చెప్పాలని వాళ్ల వీధి మలుపుదాకా పోయి వచ్చేస్తుంటాను. చెప్తే వాడికి ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న వాడి మంచి కోసం వేసుకుంటున్నానా, నా మంచి కోసమా? తెలియదు. క్షమించాల్సినవాడు లేడు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట, నా చేత్తోనే, ఉండాలి.

మస్తాన్ బ్రేకు తొక్కాడు. సరైన సమయానికి, బలంకొద్దీ తొక్కాడు. ఆ బ్రేకును లేకుండా చేసింది నేను.