షాదీ సిల్వర్

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో నేను ఒక వినాయకుడికి కరెంటు ఇచ్చాను. ఇవ్వాల్సిన చోట మాత్రం ఇవ్వలేదు. మధ్యలో నా పరువు, మా సారు ఏడాది కష్టం ఎలా గంగలో కలిశాయో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు నవ్వనిది నేనొక్కదాన్నే.

రెండువేల మూడో, నాలుగో. మధురవాడ దాటాక ఉండేది మా కాలేజీ. మా ప్రాజెక్టు సారుకి ఒకటే పిచ్చి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లని కాగితం మీద అక్షరాల్లా అచ్చు వేయాలని.

"బోర్డు నిండా రాగిరేకు అంటించి, అక్కర్లేనిదంతా యాసిడ్‌లో కరిగించి పారబోస్తున్నాం. వాకిలంతా ముగ్గుపిండి పోసేసి, ముగ్గు కానిదంతా ఊడ్చేస్తామా అమ్మాయ్? కావలసిన చోటే గీత గీస్తే చాలదూ?" అనేవారు.

ముందు ఆఫీసులోని ఇంక్‌జెట్ ప్రింటర్‌లో వెండి కలిపిన సిరా పోశాం. అది అర పేజీ గీసి, రెండుసార్లు దగ్గి, శాశ్వతంగా కన్నుమూసింది. ఇంకో ప్రింటర్ జోలికి వెళ్తే ఊరుకోనని ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు. దాంతో సారు పెళ్లి కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ దారి పట్టారు. చట్రానికి బిగించిన సన్నటి బట్ట మీద ముద్ద వేసి రబ్బరు పట్టీతో లాగితే, కింద గీత పడుతుంది. ఆ ముద్దే అసలు సంగతి. నిజం వెండి పొడి కలిపినది, కరెంటు పారేది. ఏడాది పాటు ఉత్తరాలు రాయగా రాయగా ఎక్కడినుంచో ఒకే ఒక్క డబ్బా వచ్చింది.

నేను చేయాల్సిందల్లా ఆ ముద్దతో ప్లాస్టిక్ షీటు మీద నాలుగు గీతలు అచ్చు వేయించి, ఒక చిన్న ఎర్ర దీపం వెలిగించడం. వెలిగితే పాసు. లేకపోతే ఇంకో ఆరు నెలలు కాలేజీ. స్టీల్ ప్లాంటు నుంచి షిఫ్టు దిగి వచ్చే మా నాన్న చెప్పులు విప్పకముందే "దీపం వెలిగిందా?" అని అడిగేవారు.

సారు ఆ డబ్బాని నా చేతుల్లో పెట్టి, "జాగ్రత్తమ్మా" అన్నారు. ల్యాబు అటెండరు అప్పలరాజన్న గేటు దాకా వెంట వచ్చాడు.

"పాపా, డబ్బా బద్రం. సారుకి అది కన్నబిడ్డ లెక్క. అలగే ఇంకోటి సెప్తన్నాను, ఏటీ అనుకోకు. మా తమ్ముడి పెళ్లి కార్డులు కూడా అక్కడే ఏయించేత్తావేటి? నాను సబ్బవరం నుంచి అంత దూరం ఎల్లలేను."

"దానిదేముందన్నా, ఒకే దారి కదా" అన్నాను. ఇదిగో, ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

పాత ఊళ్లో బాషా భాయ్‌ది చిన్న దుకాణం. శుభలేఖల్లో ఆయన చేయి తిరిగినవాడు. అప్పలరాజన్న తమ్ముడి కార్డుకి వినాయకుడిని కూడా స్వయంగా గీశాడు.

"చూడు బేటీ, తొండం చివర మొదలుపెట్టి ఎలుక తోక దాకా చెయ్యెత్తకుండా గీశాను. ఒకటే గీత! ఎక్కడా తెగలేదు."

"బాగుంది భాయ్, ముందు నా సర్క్యూట్ సంగతి చూడండి" అన్నాను. పెద్ద శాస్త్రవేత్తని కదా.

రెండు డబ్బాల మూతలూ తీశాడు. రెంటినీ సిల్వర్ అనే అంటారు. కార్డుల కోసం ఆయన ఉంచుకున్న సిల్వర్ కొత్త పళ్లెంలా తళతళలాడుతోంది. సారు డబ్బాలోది పొయ్యిలో తీసిన బూడిదలా ఉంది. నా బుర్ర చురుగ్గా పనిచేసింది. పాపం సారు! ఏడాది ఉత్తరాలు రాయించుకుని, ఎవరో ఆయన్ని నిలువునా మోసం చేశారు!

"భాయ్, నాకు మీ సిల్వర్ వెయ్యండి. ఆ బూడిదది కార్డులకి వాడేయండి."

భాయ్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "వద్దు బేటీ. మాది షాదీ సిల్వర్. పేరుకే సిల్వర్."

"భాయ్, ఎలక్ట్రానిక్స్ మీరు చదివారా, నేను చదివానా?"

"నువ్వే చదివావు బేటీ" అని ఆయన మర్యాదగా ఒప్పుకున్నాడు. చదువుకున్నవాళ్లతో ఎవరు వాదిస్తారు? నా షీటు ధగధగా మెరుస్తూ వచ్చింది. కార్డులు కాస్త నీరసంగా, బూడిద రంగు వినాయకుడితో డాబా మీద ఎండకి ఆరాయి.

పరీక్ష రోజున బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చారు. నేను గర్వంగా బ్యాటరీ తగిలించాను. దీపం వెలగలేదు. బ్యాటరీ మార్చాను. దీపం మార్చాను. ఇక నన్ను మార్చడమే మిగిలింది. సారు మీటర్ తీసి గీత మీద రెండు ముళ్లూ ఆనించారు. కరెంటు పారే దారి ఉంటే ఆ మీటర్ కీచుమనాలి. అది కిక్కురుమనలేదు.

"అమ్మాయ్, వెండేనా వాడింది?"

"వెండే సార్. ఎలా మెరుస్తోందో చూడండి."

"మెరవకూడదమ్మా" అన్నారు సారు, నీరసంగా.

సరిగ్గా అప్పుడే అప్పలరాజన్న పసుపు రాసిన కార్డు పట్టుకుని వచ్చాడు. "సారూ, మా తమ్ముడి పెళ్లండి. తప్పకుండా రావాల."

సారు కార్డు అందుకుని బల్ల మీద పెట్టి, చేతిలోని మీటర్ ముళ్లు దాని మీద పడేశారు.

కీచ్!

సారు ఒక ముల్లు తొండం చివర, రెండోది ఎలుక తోక మీద పెట్టారు. కీఈఈచ్!

"సార్... నేనే డబ్బాలు మార్చాను. మీ డబ్బాది బూడిదలా ఉందని..." నా గొంతు ఎలుక కంటే సన్నగా వచ్చింది.

"డబ్బాలో ఎంత మిగిలింది?"

"నాలుగొందల కార్డులు సార్..."

"అంటే నా ఏడాది కష్టం సబ్బవరంలో పంచేశావా?"

"పంచీసినాం సారూ" అన్నాడు అప్పలరాజన్న అమాయకంగా. "మా మావగారింటికైతే రెండెల్లాయి."

ఎగ్జామినరు పగలబడి నవ్వారు. బ్యాటరీ తీగ ఒకటి తొండానికి ఆనించమన్నారు. రెండో తీగకు, ఎలుక తోకకు మధ్య దీపాన్ని పట్టుకోమన్నారు. దీపం వెలిగింది. బాషా భాయ్ గీత ఎక్కడా తెగలేదు.

నేను దీపాన్ని చూడలేదు. సారు ముఖం చూశాను. తిట్టడం మరిచిపోయి, కార్డు మీదికి వంగి, పండగరోజు పిల్లాడిలా నవ్వుతున్నారు. ఆయనంటే నాకు అంతకుముందు భయం. ఆ క్షణం నుంచి ప్రాణం.

"ప్రాజెక్టు పాసు. విద్యార్థిని సంగతే ఆలోచించాలి" అన్నారు ఎగ్జామినరు. ఆలోచించి పాసు చేశారు.

సాయంత్రం వెళ్లి బాషా భాయ్‌కి తప్పయిందని చెప్పుకున్నాను. ఆయన టీ తెప్పించి, "పేరుకే సిల్వర్ అన్నాను బేటీ. నువ్వు పేరొక్కటే విన్నావు" అన్నాడు.

కొన్నేళ్ల తర్వాత నా పెళ్లి కార్డులూ ఆయనే వేశాడు. సారుకి ఇవ్వడానికి వెళ్తే, చదవకముందే జేబులోంచి మీటర్ తీసి వినాయకుడి మీద పెట్టారు. అది కీచుమనలేదు.

"ఇప్పుడు పాసయ్యావమ్మా" అని ఆశీర్వదించి, ఆ మీటర్‌నే నాకు పెళ్లి కానుకగా ఇచ్చారు.

కాబట్టి ఆ ఎలుక తోక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పని తెలిసిన మనిషిని "మీరు చదివారా?" అని ఈ జన్మలో మళ్లీ అడగను. సిల్వర్ అన్న మాట వినబడితే నోరు మూసుకుని మీటర్ తీస్తాను. ఈ ప్రమాణాన్ని పీటల మీదే పాటించాను. మెట్టెలు తొడగబోతున్న మా ఆయన్ని ఒక్క నిమిషం ఆగమన్నాను. అవి కీచుమన్నాకే కాలు ముందుకు చాపాను.